గుంటూరు మిద్దెపై జాన్సెన్ దొర

మన కోసిగి చుట్టుపట్ల గ్రామములనుండి ఏటేట సుగ్గికని గుంటూరు సీమకు పోవువారు అనేకులు. మిరపకోతలకును ప్రత్తి తీతకును మూటముల్లెలతో, పిల్లలతో బయలుదేరి, నెలల తరబడి అక్కడ గుడిసెలలో కాపురముండి తిరిగి వచ్చుచుందురు. అదే గుంటూరునకు 1868వ సంవత్సరములో ఫ్రాన్సు దేశమునుండి కాలు కుంటియైన ఒక మనుష్యుడు సముద్రము దాటి వచ్చెను. అయిదారు నిమిషములు మాత్రమే నిలుచు ఒక చీకటిని చూచుటకే ఆయన అంత దూరము వచ్చెను. ఆయన పేరు పియేర్ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరములో జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనమున దాది అజాగ్రత్తవలన కాలు చెడి, బ్రదుకంతయు కుంటుచు నడిచెను. అందుచేత తగిన వయస్సున బడికి పోవుట కుదరలేదు. ఇంటిలో డబ్బునకు ఇబ్బంది గనుక బ్యాంకులో పనికి చేరి, సంపాదించుచునే చదువుకొనెను. విశ్వవిద్యాలయపు పట్టా చేతికి వచ్చుసరికి ముప్పదియేండ్లకు దగ్గర పడెను. 1857లో భూమి అయస్కాంతశక్తిని కొలుచుటకు పెరూ దేశమునకు పోయి, అక్కడ జబ్బుపడి తిరిగి వచ్చెను. ఇట్టి దేహము గలవాడు ఇక ఇంటిపట్టున నుండవలసినదే అని ఎవరైనను అనుకొందురు. ఆయన మాత్రము అటుతరువాత నలుబది సంవత్సరములకు పైగా కొండలును ద్వీపములును తిరుగుచునే యుండెను.

ఆయన చేసిన పని యేమనగా, వెలుగును విడదీసి చదువుట. దీనిని కొంచెము వివరింపవలసియున్నది. కుంటలో రాయి వేసినప్పుడు నీళ్లమీద అలలు లేచును గదా. వెలుగు కూడ అలలుగానే ప్రయాణము చేయును, అయితే ఆ అలలు మిక్కిలి సన్ననివి. ఎఱ్ఱని వెలుగు అలలు ఒక మిల్లీమీటరులో సుమారు 1500 ఇముడును, ఊదారంగు వెలుగు అలలు సుమారు 2500 ఇముడును. సూర్యుని తెల్లని వెలుగులో ఈ అలలన్నియు కలిసియున్నవి. దానిని మూడు పలకల గాజు పట్టకముగుండ పంపినయెడల ఒక్కొక్క రంగు ఒక్కొక్క మేర వంగి, ఇంద్రధనుస్సువలె పట్టీగా పరచుకొనును. బడిలో మన పిల్లలు దీనిని వర్ణపటమందురు.

ఇప్పుడు మీ పొయ్యిలో చిటికెడు ఉప్పు చల్లి చూడుడి. మంట పచ్చబారును. ఆ పసుపు రంగు ఉప్పులోని సోడియముది. వేడికి వెలుగు ప్రతి పలుచని వాయువునకును ఈలాగు తన సొంత గీతలు కొన్ని గలవు, ఒకదాని గీతలు మరియొకదానికి రావు. పశువు మీది ముద్రను చూచి ఇది ఎవరిదో చెప్పినట్లు, గీతలను చూచి అది ఏ పదార్థమో చెప్పవచ్చును. జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అను ఇద్దరు పండితులు 1860 ప్రాంతమున ఈ సంగతిని స్థిరపరచిరి. దానితో 15 కోట్ల కిలోమీటర్ల దూరమందున్న సూర్యునిలో ఏమేమి గలవో భూమిమీద నిలిచియే తెలిసికొనుటకు త్రోవ దొరికెను.

అయితే ఒక చిక్కు మిగిలెను. సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున చంద్రుని నల్లని బిళ్ల అంచున ఎఱ్ఱని జ్వాలలవంటివి కనబడుచుండెను. అవి సూర్యునివా, చంద్రునివా, కేవలము కంటి భ్రమయా అని చాలకాలము వాదములు జరిగెను. 1860లో తీసిన ఫోటోలవలన అవి సూర్యునివే అని తేలినను, అవి దేనితో చేయబడినవో ఎవరికిని తెలియదు. తక్కిన దినములలో ఆకాశపు వెలుగు కన్నులకు మిరుమిట్లు గొలుపుటచేత అవి కనబడనే కనబడవు.

1868 ఆగస్టు 18వ తేదీ గ్రహణపు నీడ మన దక్షిణ దేశము మీదుగా బిజాపూరు, గుంటూరు, మచిలీపట్నము దాటి పోవునని లెక్క తేలెను. మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నమునకు పోయెను. టెనెంట్ అను ఆంగ్లేయ సైనికాధికారి గుంటూరులోనే గుడారము వేసెను. జాన్సెన్ మద్రాసులో దిగి గుంటూరునకు వచ్చి, అక్కడ కాపురమున్న లెఫోషర్ అను ఫ్రెంచి వర్తకుని ఇంటి మిద్దెపై తన దూరదర్శినిని నిలిపెను. అది వానకాలము. మబ్బు కమ్మినయెడల నెలల ప్రయాణము, ఖర్చు అంతయు వ్యర్థమే. మన రైతు మబ్బు రావలెనని ఆకాశమువైపు చూచినట్లే ఆయన మబ్బు రాకూడదని చూచుచుండెను.

ఆ దినము ఆకాశము అనుకూలించెను. చంద్రుడు సూర్యుని పూర్తిగా కప్పగానే రెండు పెద్ద జ్వాలలు కనబడెను. వాటిలో ఒకదాని ఎత్తు లక్ష కిలోమీటర్లకు మించియుండెను, మన భూమివంటివి ఎనిమిది ఒకదానిపై నొకటి పేర్చినను దానికి చాలవు. వాటి వెలుగును పట్టకముగుండ చూడగా పట్టీ కనబడలేదు, విడివిడిగా మెరయు గీతలే కనబడెను. కావున అవి వాయువులు, ముఖ్యముగా హైడ్రోజను.

ఇంతవరకు చూచినవారు మరికొందరును ఉండిరి. అయితే ఆ గీతల కాంతి ఎంత హెచ్చుగా నుండెననగా, గ్రహణము లేనప్పుడు కూడ వీటిని చూడవచ్చును గదా అను తలంపు జాన్సెనునకు ఆ నిమిషముననే కలిగెను. వెంటనే పరీక్షింపవలెనని చూడగా మబ్బు పట్టెను. మరునాడు తెల్లవారకముందే లేచి కాచుకొనియుండి, సూర్యుడు ఉదయించిన తరువాత అంచుమీదికి యంత్రమును త్రిప్పెను. పట్టపగటి వెలుగులో అవే గీతలు స్పష్టముగా కనబడెను!

ఇది ఎట్లు సాధ్యమాయెనో మన కల్లములో చూడవచ్చును. నూర్చిన జొన్నలను తూర్పారబట్టునప్పుడు గాలి పొట్టును దూరదూరముగా చల్లివేయును, గింజలు ఒక్కచోటనే కుప్పగా పడును. చేటలో నున్నప్పుడు పొట్టు గింజను కప్పియుండెను, గాలి తగిలిన తరువాత గింజయే కనబడును. ఆకాశపు తెల్లని వెలుగులో అన్ని రంగులును గలవు గనుక పట్టకము దానిని పొడుగునా పరచి పలుచబరచును. జ్వాలల వెలుగు రెండు మూడు రంగులదే గనుక ఎంత పరచినను ఆ గీతలు పలుచబడవు. పట్టకమును హెచ్చించినకొలది ఆకాశము మసకబారును, గీతలు నిలిచియుండును. కొన్ని నిమిషముల గ్రహణమునకై దేశములు తిరుగు పండితులకు ఇకమీదట ప్రతి ఎండ దినమును గ్రహణ దినమువంటిదే ఆయెను.

ఆయన దినదినము ఈ జ్వాలలను చూచుచు, సెప్టెంబరు మొదటివరకు గుంటూరులోనే నిలిచెను. తరువాత సంగతి వ్రాసి పారిస్‌కు పంపెను. ఆ ఉత్తరము ఓడమీద పోవుచుండగా ఇంగ్లాండులో నార్మన్ లాకియర్ అను ప్రభుత్వ గుమాస్తా అదే ఉపాయమును తానుగానే ఆలోచించి అక్టోబరు 20న ఆ గీతలను చూచెను. ఇద్దరి వార్తలును పారిస్ విద్వత్సభలో ఒక్కదినమే, అక్టోబరు 26న, చదువబడెను. ముందెవరు, వెనుకెవరు అను తగవు పెరుగలేదు. 1872లో ఇద్దరి ముఖములును పక్కపక్కన చెక్కిన పతకమును వేయించిరి.

హీలియము వాయువును జాన్సెన్ గుంటూరులో కనుగొనెనని మన పిల్లల పుస్తకములలో తరచుగా కనబడును. దీనికి కొంత సవరణ కావలెను. ఆ గ్రహణములో ఒక పసుపు గీతను పలువురు చూచిరి, పెక్కుమంది దానిని సోడియముదనుకొనిరి. అది సోడియము చోటున లేదని నిదానించి, భూమిపై ఎరుగని పదార్థముదై యుండునని తలంచినవాడు లాకియర్. సూర్యునికి గ్రీకు భాషలో నున్న పేరునుబట్టి హీలియమను పేరు వచ్చెను. 1895లో రామ్సే అను రసాయన శాస్త్రవేత్త ఒక రాతిలోనుండి దానిని తీసెను. నేడు ఆసుపత్రులలోని పెద్ద ఎం.ఆర్.ఐ. యంత్రములను చల్లబరచునది ఈ హీలియమే.

1870లో ప్రష్యా సైన్యము పారిస్‌ను ముట్టడించియుండెను. ఆ డిసెంబరు 22న ఆఫ్రికాలోని ఒరాన్‌లో గ్రహణము. శత్రువులనుండి అనుమతి ఇప్పింతుమని ఆంగ్లేయులు చెప్పగా జాన్సెన్ దానిని అంగీకరింపక, డిసెంబరు 2న తన పరికరములతో బెలూను ఎక్కి సైన్యములపైగా ఎగిరిపోయి, క్షేమముగా పడమటి తీరము దగ్గర దిగెను. అంత సాహసము చేసి ఒరాన్ చేరగా గ్రహణవేళ మబ్బు పట్టెను. ఏమియు కనబడలేదు. మరుసటి యేట మరల మన దేశమునకు వచ్చి, 1871 డిసెంబరు 12న నీలగిరులలో నిర్మలమైన ఆకాశమున గ్రహణమును చూచెను.

మన ప్రాంతపు మాట కూడ ఇక్కడనే చెప్పవలెను. 1980 ఫిబ్రవరి 16న మన పొరుగున రాయచూరు సీమమీదుగా సంపూర్ణ గ్రహణము పోయెను. ఆ దినమున వీధులు నిర్మానుష్యమై, తలుపులు మూయబడియుండెనని పెద్దలు చెప్పుదురు. గ్రహణవేళ పళ్లెములో రోకలి నిలబడునని నేటికిని చూపించుచుందురు. రోకలి అడుగు చదునుగా నున్నయెడల ఏ దినమైనను నిలుచును. దాని బరువు అడుగు వెడల్పులోపల పడినంతసేపు అది పడదు, ఇంటిలో చూచుకొనుడి. గర్భిణిని కదలనీయక చీకటి గదిలో పస్తుంచుటకు శాస్త్రములో ఆధారము లేదు. భయపడవలసినది ఒక్కటే, కన్ను. పసుపు నీళ్ల పళ్లెములోగాని, ఎక్సురే ఫిలిములోగాని, మసిపట్టిన గాజులోగాని సూర్యుని చూచినయెడల నొప్పి తెలియకయే చూపు పోవచ్చును. వేపచెట్టు క్రింద నేలను చూడుడి. ఆకుల సందులలోనుండి పడు ప్రతి వెలుగుచుక్కయు చిన్న నెలవంకయై కనబడును. పిల్లలకు అది చాలును.

జాన్సెన్ ముదిమిలోను ఊరకుండలేదు. సూర్యకాంతిలో కనబడు ఆక్సిజను గీతలు సూర్యునివా, మన గాలివా అని తేల్చుటకు ఎత్తునకు పోవలెను. 1893లో, 69వ యేట, 4,800 మీటర్ల మాంట్ బ్లాంక్ మంచు శిఖరముమీదికి కూలీలు ఆయనను బండచెక్క బండిపై త్రాళ్లతో లాగుకొని పోయిరి. గాలి పలుచనైనకొలది గీతలును సన్నగిల్లెను, అవి మన గాలివే. ఆ శిఖరముపై ఆయన కట్టించిన వేధశాల తరువాత మంచులో క్రుంగిపోయెను. 1904లో సూర్యుని ఫోటోల గొప్ప సంపుటమును ప్రకటించి, 1907 డిసెంబరు 23న పారిస్ సమీపమున మెదోన్‌లో కన్నుమూసెను.