మళ్ళీ రంగు పూసుకున్న రంగారావు

– ఒక తృతీయ బి.యస్సీ. విద్యార్థి

ఘటోత్కచుడు అనగానే తెలుగువాడి కళ్ళ ముందు నిలిచే రూపం ఎవరిదో మన కాలేజీలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. గద భుజాన వేసుకుని నవ్వే ఆ నిండు విగ్రహం సామర్ల వెంకట రంగారావు గారిది. ఆయన మహానటుడని పెద్దలు ఎందరో రాశారు. అంతటి మనిషీ ఒకప్పుడు ఆ దారిలో ఓడిపోయి, మేకప్పు కడిగేసుకుని, ఎక్కడో దూరదేశంలో ఆఫీసు ఉద్యోగంలో చేరిపోయారన్న సంగతి మాత్రం మన విద్యార్థి లోకంలో చాలామందికి తెలియదు. నేను రాయదలచింది ఆ వెళ్ళిపోవడం గురించీ, తిరిగి రావడం గురించీనూ.

రంగారావు గారు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావు గారు ఎక్సైజు శాఖలో ఉద్యోగి. పిల్లవాడు మద్రాసులో నాయనమ్మ దగ్గర పెరిగి, అక్కడే హైస్కూలు చదువు చదివాడు. నాటకాల పిచ్చి అక్కడే పట్టుకుంది. తర్వాత విశాఖపట్నంలో ఇంటర్మీడియట్, ఆపైన కాకినాడ పి.ఆర్. కాలేజీలో బి.యస్సీ. అంటే మనలాగే ఆయనా సైన్సు విద్యార్థే. మన రామచంద్రపురంలో బస్సెక్కితే ఎంతో దూరం లేని ఆ కాకినాడలోనే ఆయన నటుడిగా తయారయ్యారంటే మన ప్రాంతం వాళ్ళం కాస్త గర్వపడొచ్చు.

ఆ రోజుల్లో కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి వంటివాళ్ళంతా ఆ గూటి పక్షులే. రంగారావు గారు కూడా అందులో చేరి వేషాలు వేశారు. మైకుల్ని నమ్ముకునే కాలం కాదది. చివరి వరసలో నేల మీద కూర్చున్నవాడికీ మాట స్పష్టంగా వినపడాలి. తర్వాత కాలంలో మనం వెండితెర మీద విన్న ఆ గొంతు అక్కడ సానపట్టిందే.

కానీ నాటకం అన్నం పెట్టదు కదా! డిగ్రీ పుచ్చుకున్న కుర్రాడికి ఉద్యోగం కావాలి. ఆయన అగ్నిమాపక శాఖలో ఫైర్ ఆఫీసరుగా చేరి బందరులో, విజయనగరంలో పనిచేశారు. సర్కారు నౌకరీ, యూనిఫారం, నెల తిరిగేసరికి జీతం. మనలాంటి రైతు కుటుంబాల్లో ఏ తండ్రైనా కొడుక్కి కోరుకునే బతుకు అది. ఇంతలో 1946-47 ప్రాంతంలో బి.వి. రామానందం గారు తీస్తున్న వరూధిని చిత్రంలో ప్రవరుడి వేషం వచ్చింది. రంగారావు గారు ఉద్యోగం వదిలేసి మద్రాసు దారి పట్టారు.

మనుచరిత్ర కథ మనందరికీ తెలుసు. హిమాలయాల్లో చిక్కుకుపోయిన ప్రవరుణ్ణి తిరిగి ఇల్లు చేర్చింది అగ్నిదేవుడు. చిత్రం చూడండి, ఆ ప్రవరుడి వేషం కోసం రంగారావు గారు అగ్నిని ఆర్పే కొలువునే వదులుకున్నారు! కానీ ఆయనకు ఏ దేవుడూ అడ్డం పడలేదు. సినిమా దెబ్బతింది. తర్వాత పిలిచినవాడు లేడు. ఉన్న ఉద్యోగం పోయింది, కోరుకున్నది దక్కలేదు.

అప్పుడాయన జంషెడ్‌పూరు వెళ్ళి టాటా ఉక్కు కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరారు. 1947 డిసెంబరులో లీలావతి గారితో పెళ్ళయింది. ఇక సంసారం, ఆఫీసు, అంకెల పద్దులు. కథ ఇక్కడితో ఆగిపోయినా ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. అలా ఆగిపోయిన నటులు మన డెల్టాలో ఊరికి ఒకరైనా దొరుకుతారు. అయితే ఆయన నటనను బొత్తిగా వదిలిపెట్టలేదు. జంషెడ్‌పూరులో ఉన్న తెలుగువాళ్ళు వేసే నాటకాల్లో ఆయనా వేషం కట్టేవారు. పగలు పద్దులు, రాత్రి పద్యాలు అన్నమాట!

కొన్నాళ్ళకు పాత పరిచయం ఉన్న బి.ఎ. సుబ్బారావు గారు పల్లెటూరి పిల్ల చిత్రంలో ప్రతినాయకుడి వేషానికి పిలిచారు. సరిగ్గా అదే సమయంలో తండ్రి చనిపోయారు. ఆ కార్యాలు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆయనకు మిగిలింది ఒక చిన్న పాత్ర. ఒకప్పుడు కథానాయకుడిగా నటించిన మనిషికి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించండి. అయినా ఆ చిన్న పాత్రే వేశారు. 1949లో వచ్చిన మన దేశం చిత్రంలోనూ చిన్న వేషమే.

1950లో విజయా వారు తమ తొలి చిత్రం షావుకారు తీశారు. అందులో సున్నపు రంగడనే రౌడీ పాత్ర రంగారావు గారిది. జనం గుర్తుపెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడే కె.వి. రెడ్డి గారి పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడయ్యారు. ఇక చెప్పేదేముంది? అప్పటికాయన వయస్సు 32. నాయకుడిగా ఓడినచోట మాంత్రికుడిగా గెలిచారు. తర్వాత 1957లో మాయాబజార్, 1963లో నర్తనశాల. కీచక పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తెలుగు, తమిళ భాషల్లో కలిపి నూటికి పైగా చిత్రాలు చేశారు. దర్శకుడిగా చదరంగం, బాంధవ్యాలు తీసి నంది బహుమతులు అందుకున్నారు. 1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో కన్నుమూసేనాటికి ఆయనకు 56 ఏళ్ళు నిండి పట్టుమని మూడు వారాలు కాలేదు.

మరి మధ్యలో ఆఫీసుల్లో గడిచిన ఆ సంవత్సరాలు వృథాయేనా? వ్యవసాయం ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు తోచిన పోలిక చెబుతాను. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తే మా చేలు నెర్రెలు విచ్చుకుంటాయి. కొత్తవాడు చూస్తే ఇది బీడనుకుంటాడు. కానీ బాగా ఎండిన నేల మళ్ళీ తడిసినప్పుడు మట్టిలోని నత్రజని పైరుకు ఎక్కువగా అందుతుందని సైన్సు చెబుతోంది. ఆ మాట చదవకపోయినా మా పెద్దవాళ్ళకు తెలుసు. రంగారావు గారి ఉద్యోగపు రోజులు కూడా అలాంటి వేసవే అని నా నమ్మకం. జనాన్నీ, అధికారాన్నీ, ఓటమినీ దగ్గరగా చూసిన మనిషి కాబట్టే రాక్షసుడికైనా, తండ్రికైనా అంత నిండుదనం తేగలిగారేమో!

అందరికీ పాతాళభైరవి దొరకదు, నిజమే. గుర్తుపెట్టుకుని పిలిచే స్నేహితులుండటం కూడా అదృష్టమే. కానీ రెండు పనులు ఆయన చేతిలోనే ఉన్నాయి, అవి చేశారు. పరాయి ఊళ్ళోనూ సాధన మానలేదు. తిరిగొచ్చినప్పుడు చిన్న వేషమని చిన్నబుచ్చుకోలేదు.

మన వార్షికోత్సవాల్లో మంచి వేషాలు వేసి, మూడో ఏడు రాగానే ఇంట్లో మాట కాదనలేక పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకునే మిత్రులకు ఈ కథ చెప్పాలనిపించింది. అందులో తప్పేమీ లేదు, ఉద్యోగం చెయ్యండి, అమ్మానాన్నల్ని చూసుకోండి. మేకప్పు పెట్టె మాత్రం అమ్మెయ్యకండి.