దుర్గాబాయి గ్రాంటు ఎవరి గడప తొక్కింది?

మడకశిర దాటి అమరాపురం వైపు వెళ్ళేకొద్దీ తెలుగు పలచబడి కన్నడం చిక్కబడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం ఇది. ఇది భాగమైన మడకశిర శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది. ఇంట్లో కన్నడం మాట్లాడే మూడేళ్ళ బిడ్డ, కూలికి వెళ్ళే తల్లి చెయ్యి వదిలి అంగన్‌వాడీలో అడుగుపెట్టిన నాడు ఆ బిడ్డకు దొరికే తొలి గురువు అక్కడి కార్యకర్త. ఏ భాషలో పలకరించాలి, ఎప్పుడు తెలుగులోకి మళ్ళించాలి, ఎవరి బిడ్డ పక్కన ఎవరి బిడ్డను కూర్చోబెడితే ఏ ఇంటివారు ముఖం చిట్లిస్తారు, ఆ చిట్లింపును ఎలా దాటాలి అన్నవన్నీ ఆమెకు తెలిసి ఉండాలి. ఇంత సున్నితమైన పనికి, 2023లో కేంద్రం ప్రారంభించిన పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమం ఆమెకు ముఖాముఖిగా ఇచ్చే శిక్షణ మూడు రోజులు.

పసిపిల్లలకు చదువు చెప్పే స్త్రీని తయారు చేయడానికి ప్రభుత్వ ధనం ఖర్చు చేయాలన్న ఆలోచన ఈ దేశంలో కొత్తది కాదు. దానికొక పాలనారూపం ఇచ్చినవారిలో మొదటి వరసలో నిలిచే వ్యక్తి మన తెలుగు మహిళే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితాన్ని స్వాతంత్ర్య సమరగాథగా చదవడం మనకు అలవాటు. ఆ గ్రాంట్ల చరిత్రగా, కులం కోణం నుంచి చదవడం అవసరం.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం నుంచి తానే తప్పుకున్నారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి బడి మానేసిన ఆ పిల్ల హిందీ నేర్చుకుని, తన ఈడు బాలికలకూ తల్లులకూ పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. అంటే ఆమె విద్యార్థిని కావడానికి చాలా ముందే ఉపాధ్యాయిని అయింది. ఈ తలకిందుల క్రమం ఆమె తర్వాతి ఆలోచనలన్నిటికీ పునాది.

1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీ స్త్రీలూ, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయనను కలవాలని ఆమె పట్టుబట్టింది. అందుకు నిర్వాహకులు అడిగిన అయిదు వేల రూపాయలను దేవదాసీ స్త్రీలు పూనుకుని సమకూర్చారు. ఈ సంఘటనను మనవాళ్ళు పన్నెండేళ్ళ బాలిక పట్టుదలగా చెప్పుకుంటారే తప్ప, ఊరు వెలివేసినట్టు చూసిన ఆ స్త్రీలు కూడబెట్టిన సొమ్ము గురించి ఒక్క వాక్యం మించి రాయరు. దాతలుగా వారి పేర్లు ఎక్కడా లేవు. (టికెట్టు లేదని నెహ్రూను ఖాదీ ప్రదర్శన గుమ్మంలో ఆపిన కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం.)

ఉప్పు సత్యాగ్రహ కాలంలో 1930 నుంచి 1933 వరకు మూడు సార్లు జైలుకెళ్ళారు. తమపై మోపిన నేరమేమిటో కూడా తెలియక శిక్ష అనుభవిస్తున్న నిరక్షరాస్య స్త్రీలను ఆమె అక్కడ చూశారు. విడుదలయ్యాక ఇరవైల నడిమి వయసులో చదువు మొదటినుంచి పట్టుకున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయం బి.ఏ., 1942 నాటికి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా. ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. మైలాపూరులో చుట్టుపక్కల పిల్లలతో మొదలైన ఆ చిన్న గుంపు, చదువు తెగిపోయిన వితంతువులకూ భర్తలు వదిలేసిన స్త్రీలకూ మెట్రిక్ తర్ఫీదు ఇచ్చే సంస్థగా ఎదిగింది. మైలాపూరు ఏ కులాల పేటో మద్రాసు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. సభ తలుపులు ఎవరికీ మూసి ఉండకపోవచ్చు. ఆ వీధిలోకి రాగలిగినవారు మాత్రం కొందరే.

రాజ్యాంగ సభలో ఆమె చేసిన ఒక చిన్న సవరణను కులం గురించి రాసేవారు సైతం తరచు మరిచిపోతారు. 1948 డిసెంబరులో మతస్వేచ్ఛ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, హిందూ ధార్మిక సంస్థలను ఏదో ఒక తరగతికి కాక అన్ని తరగతులకూ, విభాగాలకూ తెరవాలన్న అర్థం వచ్చేలా పదాలు మార్చాలని ఆమె ప్రతిపాదించారు. నేటి 25వ అధికరణంలో ఉన్నది ఆ విశాలమైన రూపమే. అంతకు కొద్ది రోజుల ముందు అదే సభలో, నిర్బంధ విద్య వయసును పదకొండేళ్ళకు కుదించాలన్న వాదనను అంబేడ్కర్ తిప్పికొట్టారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదని రాసుకున్నాక, ఆ వయసు వరకు వారు బడిలో కాక ఇంకెక్కడ ఉండాలన్నది ఆయన తర్కం. నాటి 45వ అధికరణానికి పైహద్దే కానీ కిందిహద్దు లేదు. 2002లో 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వారికి హక్కు ఇచ్చి, ఆరేళ్ళలోపు పిల్లలను ప్రభుత్వం ప్రయత్నించవలసిన అంశంగా వేరు చేసింది. అంగన్‌వాడీ బిడ్డ హక్కు బయటికి వెళ్ళింది అప్పుడే.

1952లో దుర్గాబాయి ప్రణాళికా సంఘ సభ్యులయ్యారు. మొదటి ప్రణాళికలో స్వచ్ఛంద సంక్షేమ సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ నిధిని పంచడానికి 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. మరుసటి ఏడాది గ్రామాల్లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి. కొన్ని ఊళ్ళను కలిపి ఒక ప్రాజెక్టు. అందులో బాల్వాడీ, ప్రసూతి సేవ, చేతిపని, వయోజన విద్య. వీటిని నడిపేందుకు గ్రామసేవిక.

చదువుకున్న గ్రామసేవికలు ఎక్కడినుంచి వస్తారు? ఈ ప్రశ్నకు ఆమె ఇచ్చిన సమాధానమే నా దృష్టిలో ఆమె జీవితంలో అతి గొప్ప పని. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభించింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీని రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం చేయడం, ఆపై బాలసేవికగా, నర్సుగా, ఉపాధ్యాయినిగా శిక్షణకు పంపడం, ఇందుకయ్యే ఖర్చు గ్రాంటుగా ఇవ్వడం దాని పద్ధతి. తన సొంత బతుకునే ఆమె ప్రభుత్వ పథకంగా మార్చారు. అర్హత ఉన్నవారిని వెతికే బదులు అర్హతనే తయారు చేయవచ్చని నిరూపించారు.

అయితే గ్రాంటు నేరుగా ఆ స్త్రీకి రాలేదు, సంస్థకు వచ్చింది. సంస్థ అంటే రిజిస్ట్రేషను, కార్యవర్గం, లెక్కల పుస్తకం, ఒక భవనం, తన వాటాగా పెట్టగల కొంత సొమ్ము. 1950ల్లో ఇవన్నీ ఎవరి దగ్గర ఉన్నాయి? మాలపల్లెలో, మాదిగవాడలో అలాంటి మహిళా సంఘం ఉండే అవకాశమెంత? ఉన్నతకులాల స్త్రీలు నడిపే సంస్థలు ఇచ్చేవిగా, వాడల స్త్రీలు పుచ్చుకునేవారిగా ఏర్పాటు స్థిరపడింది. దానితో పాటు సేవ అన్న మాట కూడా వచ్చింది. ఇంట్లో అన్నానికి లోటు లేని స్త్రీ జీతం అడగకుండా చేసే పనికి ఆ మాట నప్పుతుంది. దుర్గాబాయి దురుద్దేశంతో దాన్ని ఎంచుకోలేదు; ఆమె తరానికి అది అత్యున్నత పదం. కానీ పదానికి కులం ఉంటుందని ఆ తరం గమనించలేదు.

1975లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమైంది. స్థానికురాలే కార్యకర్త కావాలన్న నియమంతో దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు బోధించే స్థానంలోకి వచ్చారు. మనిషి మారింది, పదం మారలేదు. స్వచ్ఛంద కార్యకర్త, గౌరవ వేతనం అన్న మాటలు అలాగే మిగిలాయి. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. పొరుగునున్న కర్ణాటక నుంచి వెళ్ళిన అమీర్‌బీ కేసులో 2006లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు సివిల్ పోస్టుల్లో ఉన్నవారు కారన్నది; గ్రాట్యుటీకి అర్హులని అదే కోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 42 రోజుల సమ్మె నాటికి వారి గౌరవ వేతనం 11,500 రూపాయలు. ఉద్యోగులు కాని వారిపై అత్యవసర సేవల చట్టం ప్రయోగించిన వింత కూడా అప్పుడే చూశాం.

2020 జాతీయ విద్యావిధానం పన్నెండో తరగతి చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలన్నది. అయితే దాన్ని దూరవిద్యగా, డీటీహెచ్ చానళ్ళలో, స్మార్ట్‌ఫోన్లలో నడపవచ్చన్నది. రోజు పని చెడకుండా చదువుకోవాలట. వంట, తూకం, రిజిస్టర్లు, యాప్‌లు పూర్తయ్యాక మిగిలిన పొద్దులో. 1958 నాటి కోర్సు స్త్రీకి చదువుకోసం విడిగా రెండేళ్ళ కాలాన్ని ఇచ్చింది. ఆ కాలాన్ని తిరిగి ఇవ్వాలి. ఈసారి గ్రాంటు సంస్థ ఖాతాకు కాక, శిక్షణ పొందే కార్యకర్త ఖాతాకు వేతనంతో కూడిన సెలవుగా రావాలి. అమరాపురం, గుడిబండ, రొళ్ళ, అగళి మండలాల కార్యకర్తల కోసం మడకశిరలోనే తెలుగు, కన్నడ భాషలు రెండింటిలో వసతితో కూడిన శిక్షణ కేంద్రం తెరవవచ్చు. దానికి ఆ పథకం అనుభవమున్న కార్యకర్తలనే బోధకులుగా పెట్టుకోవచ్చు.