సర్టిఫికెట్ లేని ఎడిటర్

డిగ్రీ లేదు. కనీసం మెట్రిక్ పాసైన కాగితం కూడా లేదు. ఈ రోజుల్లో అయితే మొదటి వడపోతలోనే పక్కన పెట్టేసే బయోడేటా. అయినా ఆయన ఒక వారపత్రికను 36 ఏళ్లు నడిపారు. పేరు మణిలాల్ గాంధీ. మహాత్ముడి రెండో కొడుకు. అంత పెద్ద ఇంటిపేరు ఉంటే అన్నీ నడిచొస్తాయి కదా అనుకుంటాం. ఆయన విషయంలో జరిగింది వేరు.

బడి లేని బాల్యం

మణిలాల్ 1892 అక్టోబరు 28న రాజ్‌కోట్‌లో పుట్టాడు. పెరిగింది ఎక్కువగా దక్షిణాఫ్రికాలో. తండ్రి లండన్‌లో చదివిన బారిస్టర్. అక్కడి తెల్లవాళ్ల బడిలో తన పిల్లలకు సీటు దొరికే వీలున్నా, మిగతా భారతీయుల పిల్లలకు లేని సౌకర్యం మనకొద్దన్నారు గాంధీ. దాంతో చదువు ఇంట్లోనే సాగింది. ఆ తర్వాత డర్బన్ దగ్గరి ఫీనిక్స్ ఆశ్రమంలో తోటపని, ప్రెస్సు పని కూడా చదువులో భాగమయ్యాయి.

1909లో తండ్రి ప్రిటోరియా జైల్లో ఉన్నారు. పదహారేళ్ల మణిలాల్ జబ్బుపడ్డ తల్లిని, ఇద్దరు తమ్ముళ్లను చూసుకుంటున్నాడు. మరి నా చదువు సంగతేంటి అన్న దిగులు అతనికి ఉండేది. జైలు నుంచి తండ్రి పెద్ద ఉత్తరం రాశారు. అక్షరాలు నేర్చుకోవడమొక్కటే చదువు కాదని, నడవడిక, బాధ్యత తెలుసుకోవడమే అసలు చదువని దాని సారాంశం. లెక్కలు, సంస్కృతం మీద శ్రద్ధ పెట్టమని కూడా చెప్పారు. ఆ మరుసటి ఏడాదే సత్యాగ్రహంలో దిగి మణిలాల్ కూడా జైలుకెళ్లాడు. చదువు విషయంలో అసంతృప్తితోనే అన్న హరిలాల్ 1911లో తండ్రిని విడిచి ఇండియా వెళ్లిపోయాడు. మణిలాల్ ఉండిపోయాడు.

పనిలోనే పాఠం

గాంధీ కుటుంబం ఇండియాకు వచ్చేశాక కూడా మినహాయింపులేం దొరకలేదు. కష్టాల్లో ఉన్న అన్నకు డబ్బు సర్దాడని తెలిసి, తండ్రే అతన్ని ఆశ్రమం నుంచి పంపించేశారు. మణిలాల్ మద్రాసు వెళ్లి నేతపని నేర్చుకున్నాడు. 1917లో మళ్లీ దక్షిణాఫ్రికా చేరాడు. అక్కడ తండ్రి హయాంలో 1903లో మొదలైన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ఉంది. ఇంగ్లిష్, గుజరాతీల్లో వచ్చే ఆ పత్రికకు 1920లో ఎడిటర్ అయ్యారు.

హోదా వినడానికి బాగుంటుంది కానీ, చేతిలో డబ్బు ఎప్పుడూ అంతంతమాత్రమే. 1926లో ఒక ముస్లిం యువతిని పెళ్లి చేసుకోవాలనుకుంటే తండ్రి ఒప్పుకోలేదు. మణిలాల్ తలవంచారు. మరుసటి ఏడాది సుశీలా మష్రూవాలాతో పెళ్లయింది. ఆవిడ కూడా గుజరాతీ టైపు కూర్చడం నేర్చుకుని ప్రెస్సులో భర్తకు తోడు నిలిచారు.

సొంత నిర్ణయాలు

1930లో ఇండియాలో ఉండగా దండి యాత్రలో తండ్రి వెంట నడిచారు. మే నెలలో ధరాసనా ఉప్పు డిపో మీదికి సుమారు 2,500 మంది వలంటీర్లు వెళ్లినప్పుడు, సరోజినీ నాయుడుతో పాటు ముందు నిలిచినవాళ్లలో ఆయన ఒకరు. ఫలితం మళ్లీ జైలే.

1948లో తండ్రి పోయారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను చట్టాలతో బిగించే ప్రభుత్వం వచ్చింది. ఇక ఏం చెయ్యాలో ఉత్తరం రాసి చెప్పేవాళ్లు లేరు. 1952 డిసెంబరులో, అరవై ఏళ్ల వయసులో, ప్యాట్రిక్ డంకన్‌తో కలిసి అనుమతి లేకుండా జర్మిస్టన్‌లోని ఆఫ్రికన్ల వాడలోకి నడిచి జైలుశిక్ష తెచ్చుకున్నారు. 1956 ఏప్రిల్‌లో చనిపోయేదాకా ఎడిటర్‌గానే ఉన్నారు. తర్వాత సుశీల బాధ్యత తీసుకుని 1961లో మూతపడేదాకా పత్రికను నడిపారు.

మనం తీసుకోవాల్సింది

ఇది చదివి డిగ్రీ అక్కర్లేదని అనుకోవద్దు. చదువు దొరకని లోటు మణిలాల్‌కు తెలుసు. ఆయన చిన్న కూతురు ఇలా యూనివర్సిటీలో చదివి, 1994లో దక్షిణాఫ్రికా పార్లమెంటు సభ్యురాలయ్యారు.

ఏ ఇంట్లో పుట్టాలో, ఏ బడిలో చదవాలో ఆయన చేతిలో లేదు. చేతికొచ్చిన పనిని నేర్చుకోవడం, నేర్చుకున్నాక వదలకుండా చెయ్యడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. మీ బయోడేటాలో ఒక గడి ఖాళీగా ఉందా? ఆ పక్క గడిలో ఏం రాయగలరో ఈరోజే మొదలుపెట్టండి.