ఐసీఎస్ వదులుకున్న హాకీ కెప్టెన్

ఆటల్లో పడితే చదువు ఏమైపోతుందోనన్న బెంగ పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపిస్తుంది. ఈ నెల చెబుతున్న జీవితం ఆ బెంగను తగ్గిస్తుందో పెంచుతుందో మీరే చూడండి.

జైపాల్ సింగ్ ముండా 1903 జనవరి 3న పుట్టారు. రాంచీ దగ్గర ఖూంటి ప్రాంతంలో ఒక ముండా పల్లె ఆయనది. రాంచీ సెయింట్ పాల్స్ స్కూల్లో చదువుతుంటే, అక్కడి ప్రిన్సిపాల్ కానన్ కాస్‌గ్రేవ్ ఆ పిల్లవాడి చురుకుదనం గమనించి ఇంగ్లండు తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ చదివారు. అక్కడి హాకీ జట్టులో డిఫెన్స్‌లో ఆడుతూ, పత్రికలకు ఆట మీద వ్యాసాలు రాశారు.

ఐసీఎస్‌కూ ఎంపికయ్యారు. ఇవాళ ఐఏఎస్ అంటే మనకెంత మోజో, అప్పట్లో ఐసీఎస్ అంటే అంతకు పదింతలు. ఆ ట్రైనింగులో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండమని పిలుపొచ్చింది. సెలవు దొరకలేదు. అయినా వెళ్లిపోయారు. మీ అబ్బాయే ఆ పని చేసి ఉంటే ఇంట్లో ఆ పూట ఎలా ఉండేదో ఊహించుకోండి!

మన జట్టు 5 మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. హాకీలో మనకు అదే తొలి స్వర్ణం. అయితే ఫైనల్లో కెప్టెన్ ఆడలేదు. జట్టు మేనేజర్‌తో పొసగక ముందే వెళ్లిపోయారు. పిల్లలకు చెప్పే కథల్లో ఈ ముక్క సాధారణంగా ఉండదు. తిరిగొచ్చాక మరో ఏడాది ట్రైనింగు చేయమంటే ఒప్పుకోక ఐసీఎస్‌కే రాజీనామా ఇచ్చారు.

తర్వాత చమురు కంపెనీలో ఉద్యోగం చేశారు, ఆఫ్రికాలోనూ రాయ్‌పూర్‌లోనూ కాలేజీల్లో పనిచేశారు. 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షులయ్యారు. ఆయన అసలు ఆట అక్కడ మొదలైందని మాకనిపిస్తుంది.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, తన జనం వేల ఏళ్లుగా నేల పోగొట్టుకుంటూ వచ్చారని, ప్రజాస్వామ్యం వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదని చెప్పారు. అడవి మనుషులు అనే అర్థమొచ్చే పేర్లు వద్దు, ఆదివాసీ అనే మాటే కావాలని పట్టుబట్టారు. రాజ్యాంగంలోకి ఆ మాట రాలేదు, షెడ్యూల్డ్ తెగలు అని వచ్చింది. జనం నోట్లో మాత్రం ఆదివాసీయే నిలిచింది.

రాంచీ ఎక్కడ, మన ఖమ్మం ఎక్కడ అనుకోకండి. షెడ్యూల్డ్ ప్రాంతాలకు సంబంధించిన ఐదో షెడ్యూలు మీద 1949లో చర్చ జరిగినప్పుడూ ఆయన మాట్లాడారు. ఇక్కడినుంచి భద్రాచలం బస్సెక్కితే మనం వెళ్లేది ఆ షెడ్యూలు వర్తించే ఏజెన్సీలోకే. అక్కడ ప్లాటు కొనబోయి 1/70 చట్టం అడ్డొచ్చిందని విసుక్కున్నవాళ్లు మనలోనే ఉన్నారు. ఏజెన్సీలో భూమి గిరిజనులకు తప్ప మరొకరి పేరిట మారకూడదంటుంది ఆ చట్టం. మనకు అది అడ్డంకి; కోయ, కొండరెడ్డి కుటుంబాలకు కాళ్ల కింద మిగిలిన నేల.

ఆ చట్టం 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చింది. నెలన్నర తర్వాత, మార్చి 20న జైపాల్ సింగ్ ఢిల్లీలో కన్నుమూశారు. జీవితాంతం ఆయన అడిగిన జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న వచ్చింది.