ఇంజనుకి నీళ్ళు పోసిన ఇల్లాలు

కారు దారిలో ఆగిపోయిందంటే అది మగవాళ్ళ వ్యవహారమని మనం పక్కకి తప్పుకుంటాం. కానీ ప్రపంచంలో మొట్టమొదట కారులో దూరప్రయాణం చేసింది ఓ ఇల్లాలు. దారిలో దానికొచ్చిన రోగాలకి చాలామటుకు తనే వైద్యం చేసింది. బెర్తా బెంజ్ గురించి చదివినప్పుడల్లా నాకు కొండంత ధైర్యం వస్తుంది.

1849 మే 3న జర్మనీలోని ఫోర్ట్జ్‌హైమ్‌లో పుట్టిందామె. కార్ల్ బెంజ్ అనే ఇంజనీరుని ఇష్టపడింది. భాగస్వామితో పొసగక అతని వర్క్‌షాపు మూతపడేలా ఉంటే, తనకి కట్నంగా రావాల్సిన సొమ్ము పెళ్ళికి ముందే తెప్పించి ఆ వాటా కొనిపించింది. 1872లో పెళ్ళయింది. 1886లో కార్ల్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఏం లాభం? కొనేవాళ్ళు కరువయ్యారు. ఇంత దూరం ఇది పోతుందా అన్నది అందరి అనుమానం. కట్నం డబ్బు, అన్నేళ్ళ కాపురపు కష్టం ఆ షెడ్డులోనే మూలుగుతున్నాయి.

1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున భర్తకి చెప్పకుండా, 15 ఏళ్ళ ఆయ్‌గెన్‌నీ 13 ఏళ్ళ రిచర్డ్‌నీ వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి ఆ బండిలోనే బయల్దేరింది. 100 కిలోమీటర్లకు పైగా దారి!

ఆ ఇంజనుకి ఇప్పటిలాంటి రేడియేటరు లేదు. సిలిండరు చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరవుతూ వేడిని తీసుకుపోయేవి. పొయ్యి మీద ఎసరు తరిగిపోయినట్టే నీళ్ళు తరిగిపోయేవి. అందుకని బావి కనిపించినా, వాగు కనిపించినా ఆగి నీళ్ళు పోసుకుంటూ సాగారు. ఇంధనం అయిపోతే వీస్లోఖ్‌లో మందుల షాపులో లిగ్రాయిన్ అనే ద్రావకం కొన్నది. ఇంధనం గొట్టం పూడిపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. వైరు ఒరుసుకుపోతే మేజోళ్ళ గార్టరు చుట్టింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. పొద్దుగూకేసరికి పుట్టిల్లు చేరి, భర్తకి టెలిగ్రాం కొట్టింది.

ఎత్తుల్లో బండి పడ్డ అవస్థ ఆమె చెప్పాకే కార్ల్ ఇంకో గేరు అమర్చాడు. బండి పోతుందా అన్న అనుమానానికి ఆ ప్రయాణమే జవాబయింది.

ఆమె పద్ధతి మన పాత కార్లకీ పనికొస్తుంది. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు మట్టం చూడండి. రబ్బరు గొట్టాలు పగిలాయా, ఎక్కడైనా కారుతోందా గమనించండి. వేడి ముల్లు పైకెక్కితే పక్కకి ఆపి ఇంజను కట్టేయండి. వేడి మీద రేడియేటరు మూత మాత్రం తియ్యొద్దు, ఆవిరున్న కుక్కరు మూత తీస్తామా? మెకానిక్ దగ్గరికెళ్ళినా, ఏం జరిగిందో మనం చెప్పగలిగితే సగం పని అయినట్టే.

1944లో, 95వ పుట్టినరోజున కార్ల్స్‌రూ సాంకేతిక విద్యాలయం ఆమెని గౌరవ సెనేటరుని చేసింది. రెండ్రోజులకే, మే 5న కన్నుమూసింది. బండి తయారుచేసింది భర్తే అయినా, దాన్ని లోకం నమ్మేలా చేసింది మాత్రం బెర్తాయే!