ఏడేళ్ల శాలువా

థామస్ మన్రో అనగానే మన అనంతపురంలో అందరికీ శిస్తు, రైత్వారీ గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన శాలువా గుర్తుండిపోయింది.

ఆయన 1761లో గ్లాస్గోలో పుట్టారు. నాన్న వర్జీనియా పొగాకు వ్యాపారి. అమెరికా యుద్ధంతో దివాలా తీశారు. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. మొదటి మూడేళ్లు తలగడ కూడా లేదట! పుస్తకమో, తూటాల సంచో తల కింద పెట్టుకునేవారు. చలికాలంలో కోటు చేతుల్లోకి కాళ్లు దూర్చి, మిగతాది తల మీదికి లాక్కుని పడుకునేవారు. (మా హాస్టల్‌లో ఇలాంటోడు ఒకడున్నాడు.)

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాక, మన్రో అనంతపురం కేంద్రంగా ఏడేళ్లు కలెక్టరుగా పనిచేశారు. చాలాకాలం గుడారాల్లోనే, ఊరూరా తిరుగుతూ. మనవాళ్ల ఇళ్లలో ఏముందో దగ్గర్నుంచి చూశారు. ఒక చాప, ఒక ఇత్తడి గిన్నె, ఒక మట్టి పళ్లెం. దాదాపు అంతే.

1813లో బ్రిటిష్ పార్లమెంటు ఆయన్ని పిలిచి, వ్యాపారం అందరికీ తెరిస్తే మన సరుకు ఇండియాలో బాగా అమ్ముడుపోతుందా అని అడిగింది. పెద్దగా పోదన్నారు. పేదరికం ఒక్కటే కారణం కాదు, కావాల్సినవి వాళ్లే బాగా చేసుకుంటున్నారన్నారు. తన ఇండియా శాలువా ఏడేళ్లు వాడినా పెద్దగా మారలేదనీ, యూరప్‌లో చేసింది ఊరికే ఇచ్చినా కప్పుకోననీ చెప్పారు.

ఒక మంచిది దొరికాక ఇంకోటి వెతకలేదన్నమాట. మనకది కష్టం. ధర్మవరంలో షాపాయన మా అమ్మ ముందు యాభై చీరలు పరుస్తాడు. ఒకటి కొంటుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాత్రం వదిలేసిన నీలం చీర గురించే మాట్లాడుతుంది. అమెరికాలో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ ఇదే పరీక్షించి 2000లో ప్రచురించారు. 24 రకాల జామ్ పెడితే ఆగి చూసినవాళ్లలో 3 శాతం మందే కొన్నారు. 6 రకాలే పెడితే 30 శాతం.

అయినా మన్రో మాట నేను పూర్తిగా నమ్మలేను. పంటలో దాదాపు 45 శాతం శిస్తుకే పోతుంటే రైతింట్లో చాప తప్ప ఏం మిగుల్తుంది? అది తృప్తా, గతి లేకపోవడమా? ఆయనకీ తెలిసే ఉంటుంది. 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించమని పైకి రాశారు. అప్పుడు ఎవరూ వినలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ అది జరగలేదు. సరుకు గురించి ఆయన అంచనా కూడా తప్పింది. మాంచెస్టర్ మిల్లు బట్ట చవగ్గా వచ్చిపడింది, మన మగ్గాలు ఆగిపోయాయి.

1827లో ఇంగ్లండుకు వెళ్లిపోయేముందు ఈ జిల్లాలు చివరిసారి చూద్దామని వచ్చారు. జూలై 6న పత్తికొండలో కలరాతో పోయారు. మొదట సమాధి చేసింది మన గుత్తిలోనే. మద్రాసుకు తరలించింది తర్వాత.