టంకశాలలో లిపివేత్త: జేమ్స్ ప్రిన్సెప్

తెలుగులో నాణెం, నాణ్యం తోబుట్టువుల వంటి మాటలు. లోహపు నాణ్యాన్ని తూచి చెప్పడమే వృత్తిగా గలవాడొకడు, నాణెం మీది అక్షరాల కోసం తన ఆరోగ్యాన్ని ధారపోసి, నలువది యేండ్లకే కన్ను మూసినాడు. అతడే జేమ్స్ ప్రిన్సెప్.

1799 ఆగస్టు 20న అతడు జన్మించినాడు. తండ్రి జాన్ ప్రిన్సెప్ బంగాళంలో నీలిమందు వ్యాపారం చేసి ధనం గడించినవాడు. జేమ్స్ మొదట వాస్తుశిల్పం నేర్చుకొనబోయినాడు. కాని సూక్ష్మమైన చిత్రణ పనికి కండ్లు తాళలేదు. చదువు మానిపించి లండన్ టంకశాలలో లోహపరీక్ష నేర్పించినారు. కంటి బలహీనతచే ఒక వృత్తిని వదలుకొన్న యువకుడే తరువాత అరిగిపోయిన వెండి బిళ్లలపై ఎవరికీ కనబడని అక్షరాలను చూడగలిగినాడు!

1819 సెప్టెంబరులో కలకత్తా టంకశాలకు సహాయ పరీక్షకుడుగా వచ్చినాడు. అక్కడి పై అధికారి హోరేస్ హేమన్ విల్సన్, సంస్కృత పండితుడుగా ప్రసిద్ధుడు. ఏడాది తిరిగేలోగా ప్రిన్సెప్‌ను కాశీ టంకశాలకు పంపినారు. అక్కడ గడపిన పదేండ్లలో అతడు చేయని పని లేదు. నగరానికి పటం గీసినాడు, జనాభా లెక్కించినాడు, మురుగునీరు పోవుటకు భూగర్భంలో సొరంగం త్రవ్వించినాడు, ఔరంగజేబు మసీదు మీనారులను మరమ్మతు చేయించినాడు. తాకితే పుణ్యం నశిస్తుందని యాత్రికులు జంకే కర్మనాశా నదిపై రాతి వంతెన కట్టించుటలో పాలు పంచుకొన్నాడు. కొలిమి వేడిమిని కొలిచేందుకు వెండి, బంగారం, ప్లాటినం మిశ్రమాలతో ఒక పద్ధతి కల్పించినాడు. గ్రెయిన్‌లో వెయ్యింట మూడు వంతుల బరువును పట్టి ఇచ్చే త్రాసు అతనిది. 1828లో లండన్ రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా చేర్చుకొన్నది.

1830లో కాశీ టంకశాల మూతబడగా కలకత్తాకు తిరిగి వచ్చి, 1832లో విల్సన్ స్థానాన్ని పొందినాడు.

ఆ దినాలలో రూపాయి అంటే ఒక్క రూపాయి కాదు. సిక్కా రూపాయి, ఫరుక్కాబాదు రూపాయి, ఆర్కాటు రూపాయి, ఇట్లా ఒక్కొక్క సీమకు ఒక్కొక్కటి. నాణెం పాతబడిన కొలదీ షరాబులు వట్టం తీసేవారు. ముద్రణ సంవత్సరం చూచి వట్టం కట్టకుండా, కంపెనీవారు బంగాళంలో షా ఆలం పందొమ్మిదవ పాలనా సంవత్సరాన్నే ఏండ్ల తరబడి అచ్చు వేస్తూ వచ్చినారు. కాలం నడిచినది, నాణెం మీది సంవత్సరం నడవలేదు. మనవైపు మద్రాసు ప్రభుత్వం 1818లో వరహాను తప్పించి రూపాయిని స్థిరపరచినా, దేశమంతటికీ ఒకే నాణెం మాత్రం 1835లో గాని రాలేదు. నూటయెనుబది గ్రెయిన్ల తూకం, అందులో నూటఅరువదియైదు గ్రెయిన్ల మేలిమి వెండి. ఈ ఏకీకరణకు గట్టిగా పాటుపడినవారిలో ప్రిన్సెప్ ఒకడు. తులానికి నూటయెనుబది గ్రెయిన్లని తూకం కుదిరినది కూడా ఆ కాలంలోనే. పలు ముద్రల పాత నాణేలకు కాలం చెల్లజేసిన చేతులే వాటికన్న వేయి రెండువేల యేండ్లు ముందటి నాణేలను భద్రపరచ పూనుకొన్నవి. ఈ వైరుధ్యం అతనికి తోచినదో లేదో!

1832 నుండి అతడు బంగాళ ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి, ఆ సొసైటీ పత్రికకు సంపాదకుడు. దేశం నలుమూలల నుండి నాణేలు, శాసనాల నకళ్లు అతని బల్ల మీదికి రాసాగినవి. ఆఫ్గన్ సీమలో దొరికిన యవనరాజుల నాణేలకు ఒకవైపు గ్రీకు, వేరొకవైపు తెలియని లిపి. రెండు వైపులా ఉన్నది ఒకే రాజు పేరై ఉండవలెనని చార్లెస్ మాసన్ గుర్తించినాడు. మినాండరు, అపల్లొడోటసు పేర్ల ఆధారంతో ప్రిన్సెప్ ఒక్కొక్క అక్షరమే పట్టుకొన్నాడు. అదే ఖరోష్ఠి.

అంతకన్న కఠినమైనది ఢిల్లీ స్తంభాల లిపి. పదునాలుగవ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ ఆ స్తంభాలను ఢిల్లీకి తెప్పించి చదివించబోతే, చదువగలవాడు ఒక్కడూ దొరకలేదు. 1837లో సాంచి స్తూపపు ప్రాకారం మీది చిన్న చిన్న శాసనాల నకళ్లు వచ్చినవి. అన్నీ ఒకే రెండక్షరాలతో ముగియడం ప్రిన్సెప్ గమనించినాడు. ఇవి భక్తుల కానుకలైతే ఆ చివరి మాట దానం కావలెను. దానికి ముందు తరచుగా వచ్చే అక్షరం షష్ఠీ విభక్తిని తెలిపే స కావలెను. ఈ స అతనికి కొత్తది కాదు. సౌరాష్ట్ర నాణేలపై దానిని అప్పుడే గుర్తించి ఉన్నాడు. ఆ మూడక్షరాలతో తలుపు తెరుచుకొన్నది. కొన్ని వారాలలో స్తంభాలు మాటలాడినవి.

ఈ యశస్సు అతనొక్కనిదే అనడం న్యాయం కాదు. కమలాకాంత విద్యాలంకారుడు, సింహళీయుడైన రత్నపాలుడు అర్థనిర్ణయంలో తోడైనారు. అగాథోక్లీసు నాణెం మీది బ్రాహ్మిని జర్మన్ పండితుడు లాసెన్ 1836లోనే చదివినాడు. దేవానాంప్రియ ప్రియదర్శి సింహళరాజని ప్రిన్సెప్ మొదట పొరబడినాడు. అతడు అశోకుడని సింహళం నుండి జార్జ్ టర్నర్ తెలుపగా, జంకు లేకుండా దిద్దుకొన్నాడు. 1838లో గిర్నార్ శాసనంలో అంతియోకుని, టాలమీని గుర్తించుటతో అశోకుని కాలానికి గట్టి ఆధారం చిక్కినది.

పగలు టంకశాల, రాత్రి లిపి. ఆ శరీరం తట్టుకోలేకపోయినది. 1838లో తలనొప్పి ముదిరి, ఆ సంవత్సరాంతంలోనే భార్య హారియెట్‌తో, పసిబిడ్డ అయిన కూతురితో ఓడ ఎక్కినాడు. స్వదేశం చేరినా మనస్సు మరల తేరుకోలేదు. అంతటి మేధకు ఆ చివరి నెలలు ఎంత దారుణం! 1840 ఏప్రిల్ 22న లండన్‌లో మరణించినాడు.

అతడు కూర్చిన నాణేలను 1847లో బ్రిటిష్ మ్యూజియం కొన్నది. అతనికన్న పదునైదేండ్లు చిన్నవాడైన స్నేహితుడు కన్నింగ్‌హామ్, తరువాత పురావస్తుశాఖకు అధిపతియై, ఆ పనిని ముందుకు సాగించినాడు. కృష్ణాతీరంలో భట్టిప్రోలు ధాతుకరండాల మీది అక్షరాలను, శాతవాహనుల సీసపు నాణేలను, కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండల మీది అశోకుని ఆజ్ఞలను పండితులు చదువగలిగినది ఆనాడు తెలిసిన వర్ణమాల ఆధారంతోనే. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున 1843లో అతని పేర కట్టిన స్తంభమండపపు ఘట్టం నేటికీ నిలిచియున్నది.